స్వస్థత నొందనివారి సాక్ష్యము



మందిరములో సాక్ష్యముల సమయము వచ్చినప్పుడు ఎవరు లేచి నిలువబడుదురు? జ్వరము తగ్గినవారు, ఆపరేషను నుండి క్షేమముగా తిరిగి వచ్చినవారు, ఎన్నో యేండ్లకు బిడ్డను ఎత్తుకొనినవారు. వారు లేవవలసినదే, దేవుని స్తుతింపవలసినదే. అయితే ప్రార్థించియు, సొమ్ము ఖర్చుపెట్టియు, స్వస్థత నొందనివారు ఎక్కడ కూర్చుందురు? నేను ఇరువది యెనిమిది యేండ్లుగా కృష్ణా డెల్టాలోని సంఘములలో కాపరిగా నున్నాను. అయినను ఈ ప్రశ్న చాల ఆలస్యముగా నాకు కలిగెను. దానిని నాకు నేర్పినవారు వేదాంత కళాశాలలోని పండితులు కారు. ఒక కౌలు రైతు, ఒక బిడ్డ తల్లి, ఎముకల మూలుగను మార్చు వైద్యులు నేర్పిరి.

గత ఆగస్టు నెలలో నాట్లు ముగిసి ఊరివారికి కొంచెము తెరిపి దొరికిన దినములలో, ఒక సాయంకాలము భార్యాభర్తలిద్దరు మా యింటికి వచ్చిరి. వారి కుమారునికి తొమ్మిదేండ్లు. పుట్టునప్పుడే మెదడునకు దెబ్బ తగిలి కాళ్లు చేతులు వాని మాట వినవు. నాలుక కూడ సరిగా తిరుగదు. తండ్రి చేతిలో ఫోను ఉండెను. అందులో ఒక బొమ్మ నాకు చూపెను. నిలువలేని బిడ్డ ఒకడు కొన్ని వారములలో తల్లి చెయ్యి పట్టుకొని నడచుచున్నాడు. ఏదో పట్టణములోని ఒక క్లినిక్కువారు మూలకణముల ఇంజెక్షన్లు నాలుగు విడతలు ఇచ్చెదమని, బాగుపడునని చెప్పిరట. వీరికి కాలువ క్రింద డెబ్బది సెంట్ల పొలమున్నది. వేరే ఆధారము లేదు.

"అయ్యగారూ, పొలం అమ్మేద్దామనుకుంటున్నాం. మీరు ప్రార్థన చేసి ఒక మాట చెప్పండి. మీరు సరేనంటే అమ్మేస్తాం" అని తల్లి అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఏలయనగా పండ్రెండేండ్ల క్రిందట వేరొక గ్రామములో ఇదే ప్రశ్నకు నేను తొందరపడి జవాబు చెప్పి యుంటిని. అక్కడ ఒక బాలునికి కండరములు క్షీణించిపోవు వ్యాధి. అతని తండ్రియు ఇట్లే ఒక క్లినిక్కువారి కాగితము పట్టుకొని వచ్చెను. నేను సరేయంటిని. అంతటితో ఊరకుండక, ఆ ఆదివారమున పక్షవాయువు గలవానిని మంచముతో మోసికొని వచ్చి కప్పు విప్పి దింపిన నలుగురిని గూర్చి ప్రసంగించి, సంఘమే ఆ నలుగురు కావలెనని చెప్పి కానుక పట్టితిని. నాట్లకు పోయెడి ఒక విధవరాలు తన వారము దినముల కూలి యిచ్చెను. ఇచ్చినవారి పేర్లన్నియు నా చేతితోనే పుస్తకములో వ్రాసితిని.

బాలుడు వెళ్లెను, ఇంజెక్షన్లు తీసికొనెను, తిరిగి వచ్చెను. మొదటి నెలలో వ్రేళ్లకు కొంచెము బలము వచ్చినట్లున్నదని తల్లి చెప్పెను. రెండవ నెలలో ఏమియు చెప్పలేదు. మరుసటి సంవత్సరమునకు వాడు మంచినీళ్ల గ్లాసు పట్టుకొనలేకపోయెను. పొలము పోయెను. తనదిగా నుండిన చేనునే ఆ తండ్రి ఇప్పుడు కౌలుకు చేయుచున్నాడు.

ఆ క్లినిక్కువారు తెలిసి అబద్ధము చెప్పిరో, తామే నమ్మిరో దేవునికి తెలియును. నేను చేసిన తప్పు మాత్రము నాకు తెలియును. వారు వెళ్లుటకు ముందు వారిని సంఘము ఎదుట నిలువబెట్టి ప్రార్థించితిని. తిరిగి వచ్చిన తరువాత నిలువబెట్టలేదు. ఏమి చెప్పుదురోయని భయపడితిని. ముందు చాపమీద కూర్చుండెడి ఆ కుటుంబము మెల్లగా గోడ దగ్గరకు జరిగెను. అది చూచియు నేను చూడనట్లుంటిని.

ఇప్పుడు మరియొక బిడ్డ సంగతి చెప్పెదను. కొన్ని యేండ్ల తరువాత నేను బదిలీ అయిన సంఘములో ఆరేండ్ల బాలుడొకడు తలసేమియా అను వ్యాధితో నుండెను. ఇది తల్లిదండ్రులనుండి పుట్టుకతో వచ్చునది. అట్టి బిడ్డ ఎముకలలోని మూలుగ మంచి ఎఱ్ఱరక్తమును చేయజాలదు గనుక, మూడు నాలుగు వారములకొకసారి ఇతరుల రక్తము ఎక్కించుచుండవలెను. ఆ రక్తములోని ఇనుము కాలేయములోను గుండెలోను పేరుకొనును. దానిని తీసివేయుటకు వేరే మందులు వాడవలెను. ఈ వ్యాధిని కుదుర్చుటకు బాగుగ స్థిరపడిన చికిత్స, సరిపడిన తోబుట్టువు మూలుగను బిడ్డకు ఎక్కించుట. ఒక్కొక్క తోబుట్టువు పూర్తిగా సరిపడుటకు నాలుగింట ఒక పాలు అవకాశమున్నది. ఈ బాలుని అక్క సరిపడెను.

వారితో కూడ నేనును ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లితిని. వైద్యుడు బిడ్డను పండుకొనబెట్టి, కుడి ప్రక్కటెముకల క్రింద వ్రేళ్లు పెట్టి, కాలేయము ఎంత క్రిందికి పెరిగినదో కొలిచెను. వయస్సు అడిగెను. ఇనుము తీసివేయు మందులు ఎన్ని నెలలు మానిరో అడిగెను. తరువాత, ఇట్టి పిల్లలలో ఎందరు బాగుపడుచున్నారో చెప్పెను; ఎందరు చనిపోవుచున్నారో కూడ అదే స్వరముతో చెప్పెను. తల్లి బయటకు వచ్చి, "బిడ్డ ప్రాణం అడిగితే లెక్కలు చెప్తాడేంటి అయ్యగారూ!" అని ఏడ్చెను. నాకును కోపము వచ్చెను. మునుపటి క్లినిక్కువారు ఎంత తియ్యగా మాటలాడిరి, ఈయన ఏల ఇంత కఠినుడు అనుకొంటిని.

మార్పిడి జరిగెను. బాలుడు బ్రదికెను, ఇప్పుడు హైస్కూలులో చదువుచున్నాడు. అయితే వాని ప్రక్క గదిలో నుండిన వేరొక రాష్ట్రపు బిడ్డ బ్రదుకలేదు. ఇంటికి వచ్చిన తరువాత ఈ తల్లి నాతో చెప్పిన మాట నేను మరువలేదు. "ఆ బాబు పోయిన రోజున కూడా డాక్టర్లు కూర్చుని వాడి లెక్కంతా రాసుకున్నారు అయ్యగారూ. మా వాడి లెక్క రాసిన పుస్తకంలోనే రాశారు."

ఆ పుస్తకమును గూర్చియే నేను ఈ వ్యాసములో చెప్పదలచితిని.

మూలకణమనగా నేమి? గాదెలోని వడ్లన్నియు వడ్లే. అయితే రైతు విత్తనమునకని వేరుగా దాచినవే మరల పైరగును. అట్లే మన ఎముకల మూలుగలో విత్తనము వంటి కణములున్నవి. వాటినుండియే ఎఱ్ఱకణములు, తెల్లకణములు దినదినము పుట్టుచుండును. మార్పిడిలో వైద్యులు బలమైన మందులతో రోగి యొక్క చెడిన మూలుగను తుడిచివేసి, దాత విత్తనమును రక్తము ఎక్కించినట్లే నరములోనికి ఎక్కింతురు. అది తనంతట తాను ఎముకలలోనికి దారి తెలిసికొని పోయి నాటుకొనును. నాటుకొనువరకు రోగికి రక్షణ లేదు. చిన్న జలుబైనను ప్రాణము తీయవచ్చును. నాటుకొనిన తరువాతను, వచ్చిన కణములు ఈ శరీరమును పరాయిదని యెంచి దానిమీద తిరుగబడవచ్చును. కావున ఇది బ్రదికించునంత బలమైనది, చంపునంత బలమైనది.

మన బెజవాడలో ప్రకాశం బ్యారేజి పూర్తియైన 1957వ సంవత్సరముననే, అమెరికాలో ఇ. డొన్నాల్ థామస్ అను వైద్యుడు ఆరుగురు రోగులకు ఇతరుల మూలుగ ఎక్కించిన సంగతిని ప్రచురించెను. ఆ ఆరుగురిలో ఒక్కరును ఎక్కువ కాలము బ్రదుకలేదు. ఆయన దానిని దాచక వ్రాసి లోకమునకు చూపెను. 1970లో మార్టిమర్ బోర్టిన్ అను మరియొక వైద్యుడు, అంతవరకు ప్రచురింపబడిన సుమారు రెండు వందల మార్పిడుల లెక్కను ఒకచోట కూర్చెను. అది చాలమట్టుకు మృతుల పట్టిక. అట్టి పట్టికను చూచినవారు పనియే మానుకొందురు అనుకొందుము. వారు మానలేదు. 1972లో దేశదేశముల మార్పిడుల ఫలితములను నమోదు చేయుటకు ఒక ఉమ్మడి పుస్తకమును తెరచిరి. 1974లో ఐరోపా వైద్యులు తమ ఫలితములను ఒకరికొకరు చెప్పుకొనుటకు సంఘముగా కూడిరి. మన దేశములో 1983లో బొంబాయి టాటా ఆసుపత్రిలోను, 1986లో మనవారు రాయవేలూరు అని పిలిచెడి వేలూరు క్రైస్తవ ఆసుపత్రిలోను ఈ పని మొదలాయెను. థామస్‌గారికి 1990లో నోబెలు బహుమానము వచ్చెను. ఆ బహుమానము వెనుక 1957నాటి ఆరుగురు మృతులు ఉన్నారు.

ఇట్లు కూర్చిన లెక్కలనుండియే వైద్యుల ఉమ్మడి మార్గదర్శక సూత్రములు పుట్టినవి. ఏ వ్యాధికి మార్పిడి చేయవలెను, ఏ వ్యాధికి చేయరాదు, ఏ వయస్సులో, ఎవరి మూలుగతో, ఏ మందు ఎంత, ఏ జ్వరము వచ్చినప్పుడు ఏమి చేయవలెను అని అనేకులు కూడి చర్చించి వ్రాసికొనిన మాటలవి.

"ఇవన్నియు తెల్లదొరల దేశములలో వ్రాసిన మాటలు, మనకేల?" అని కొందరందురు. వినుడి. ఇటలీలోని పేసరో పట్టణపు వైద్యులు తలసేమియా పిల్లలను మూడు తరగతులుగా విభజించిరి. కాలేయము రెండు సెంటీమీటర్లకంటె ఎక్కువ పెరుగుట, కాలేయములో మచ్చలు పడుట, ఇనుము తీసివేయు మందులు సరిగా వాడకపోవుట అను ఈ మూడు గుర్తులలో ఏదియు లేనివారు మొదటి తరగతి, మూడును గలవారు మూడవ తరగతి. ఈ కొలత సముద్రము దాటి మన దేశమునకు వచ్చెను. అయితే మన పిల్లలు పేదలు, ఆలస్యముగా వచ్చుదురు, రక్తము చాలక, మందులు కొనలేక వచ్చుదురు. వేలూరు వైద్యులు తమ పుస్తకములోని బ్రదికినవారిని, మరణించినవారిని లెక్కించి చూచి, మూడవ తరగతి అనునది నిజముగా ఒక్క తరగతి కాదని కనుగొనిరి. ఏడేండ్లు దాటి, కాలేయము అయిదు సెంటీమీటర్లు లేక అంతకంటె ఎక్కువ పెరిగిన పిల్లలు అందులో మిక్కిలి అపాయములో నున్నారని 2007లో ప్రచురించిరి. ఆ పిల్లలకు మందుల కూర్పు మార్చి చూడగా మునుపటికంటె ఎక్కువమంది బ్రదికిరి. నా సంఘపు బిడ్డ ప్రక్కటెముకల క్రింద వైద్యుడు ఏల వ్రేళ్లు పెట్టెనో, వయస్సు ఏల అడిగెనో నాకు అప్పుడు తెలిసెను. ఆ కొలతను వ్రాసినవారు వైద్యులే. కాని దానికి వెల చెల్లించినవారు మనవంటి ఇండ్లలోని పిల్లలు.

కొలత ఒక్కటిగా నుండవలసిన సంగతి డెల్టా రైతునకు ఒకరు చెప్పనక్కరలేదు. పూర్వము ఊరికొక కుంచము, షావుకారుకొక మానిక ఉండుటవలన ఎవరు నష్టపోయెడివారో మన తాతలకు తెలియును. వైద్యములోను అట్లే జరిగెను. ఈ కాలమున కార్-టి అను కణచికిత్స వచ్చినది. రోగి రక్తములోని రక్షకకణములను బయటకు తీసి, కాన్సరును గుర్తుపట్టునట్లు మార్చి, మరల ఎక్కింతురు. అవి పని చేయునప్పుడు శరీరమంతట ఒక ఉప్పెన లేచినట్లు జ్వరము, రక్తపోటు పడిపోవుట, ఊపిరి చాలకపోవుట కలుగవచ్చును. దీని తీవ్రతను ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క విధముగా కొలిచెడిది. ఒకచోట రెండవ మెట్టు అనినది మరియొకచోట మూడవ మెట్టు. అట్లయిన ఏ మందు మంచిదో, ఏది అపాయమో ఎవరు చెప్పగలరు? 2018 జూనులో 49 మంది నిపుణులు వాషింగ్టను దాపున ఆర్లింగ్టనులో కూడి, ఒకే కొలతను ఒప్పుకొని మరుసటి సంవత్సరము ప్రచురించిరి.

ఆ కొలత ఎంత సామాన్యమైనదో చూడుడి. జ్వరము 100.4 డిగ్రీలు చేరినదా? రక్తపోటు పడినదా? ప్రాణవాయువు పెట్టవలసి వచ్చినదా? మెదడునకు దెబ్బ తగులుచున్నదేమో తెలిసికొనుటకు దినదినము రోగిని, ఇది ఏ సంవత్సరము, ఏ నెల, ఏ ఊరు అని అడుగుదురు. వస్తువుల పేర్లు చెప్పుమందురు. నూరునుండి పదేసి తగ్గించి లెక్కపెట్టుమందురు. ఒక వాక్యము వ్రాయుమందురు. నిన్న చక్కగా వ్రాసినవాని చేతివ్రాత నేడు గీతలైనయెడల అది హెచ్చరిక. మన దేశములో తయారైన మొదటి కార్-టి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చెను, బొంబాయిలోని ఐ.ఐ.టి., టాటా ఆసుపత్రివారు దానిని రూపొందించిరి. ఇంత గొప్ప విద్యకు కాపలాగా నున్నది ఒక జ్వరమానిని, ఒక కాగితము, ఒక కలము.

ఇక మన దేశపు నియమము సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 2007లో మూలకణముల గూర్చి సూత్రములను వెలువరించినప్పుడు వాటి పేరులో పరిశోధన, చికిత్స అను రెండు మాటలుండెను. 2013లో ఆ సూత్రములను తిరుగవ్రాసినప్పుడు చికిత్స అను మాటను పేరునుండి తీసివేసిరి. ఏలయనగా ఆ మాటను చూపి ఊరూర క్లినిక్కులు లేచుచుండెను. 2017నాటి సూత్రములు మరింత స్పష్టముగా చెప్పినవి: కొన్ని రక్తసంబంధమైన వ్యాధులకు చేయు మూలుగ మార్పిడి తప్ప, తక్కిన మూలకణ ప్రయోగములన్నియు ఇంకను పరిశోధనయే, వాటిని చికిత్సయని అమ్మరాదు. 2021లో రక్తమూలకణముల మార్పిడికి జాతీయ సూత్రములు వేరుగా వచ్చినవి. 2022లో జాతీయ వైద్య కమిషను పక్షమున ఆటిజము గల పిల్లలకు మూలకణ చికిత్స చేయదగదని చెప్పిరి.

ఇక్కడ మన మనస్సాక్షిని కలవరపరచు ప్రశ్న ఒకటి లేచును. కనికరమునకు నియమమేల? గాయపడినవానిని గాడిదమీద ఎక్కించుకొని పోయిన సమరయుడు ఏ పుస్తకము తెరచి చూచెను? మనము కృపనుబట్టి జీవించువారము గదా, సూత్రములను పట్టుకొని బిడ్డను కాదనుట పరిసయ్యుల పని కాదా? ఈ ప్రశ్న తేలికయైనది కాదు. పండ్రెండేండ్ల క్రిందట నేను సరేయన్నప్పుడు నా హృదయములో నిజమైన కనికరమే యుండెను. ఆ కనికరమే ఒక కుటుంబము పొలమును అమ్మించెను.

సమరయుడు పోసిన నూనె, ద్రాక్షారసము ఆ కాలమున అందరును ఎరిగిన మందులు. ఆయన కొత్తదేదో ప్రయత్నించి చూడలేదు. ఖర్చు తన సంచిలోనుండి ఇచ్చెను. గాయపడినవాని సంచి విప్పలేదు. మార్కు వ్రాసిన సువార్తలోని రక్తస్రావము గల స్త్రీని కూడ తలంచుకొనుడి. పండ్రెండేండ్లు అనేక వైద్యుల చేతులలో పడి, కలిగినదంతయు పోగొట్టుకొని, మరింత చెడిపోయి ప్రభువునొద్దకు వచ్చెను. సువార్తికుడు ఆమె స్వస్థతను చెప్పుటకు ముందు ఆమె నష్టమును వ్రాసెను. ఆమె పోగొట్టుకొనిన దానిని దేవుని వాక్యము లెక్కలో చేర్చెను. మనమైతే ఆమె బాగుపడిన వచనమునకు త్వరపడి పోవుదుము.

కనికరము ఎదుటనున్న ఒక్క ముఖమునే చూచును. అది దాని బలము, దాని బలహీనత కూడ. మూలుగ మార్పిడిలో ఆ ఒక్క ముఖము వెనుక మరియొక ముఖమున్నది. అది మూలుగ నిచ్చు అక్క ముఖము. ఆమెకు ఎనిమిదేండ్లు. ఆమెకు ఏ రోగమును లేదు. తమ్ముని కొరకు మత్తు ఇచ్చి ఆమె తుంటి ఎముకలో సూదులు గ్రుచ్చవలెను. తల్లిదండ్రులు, బంధువులు, కాపరి అందరును తమ్ముని గూర్చియే ప్రార్థించుచుందురు. ఆమెను ఎవరడుగుదురు? వైద్యుల ఉమ్మడి సూత్రములు ఆమెను మరువలేదు. రోగిని చూచు వైద్యుడే దాతను పరీక్షించి నిర్ణయింపరాదు, దాత పక్షమున వేరొక వైద్యుడు చూడవలెనని వ్రాసికొనిరి. ఆ ఆసుపత్రిలో వేరొక వైద్యురాలు ఆ పాపను ఒంటరిగా కూర్చుండబెట్టి, బొమ్మలు గీసి, ఏమి జరుగునో చెప్పి, భయమున్నదా అని అడిగెను. నేను ఆ పాప పేరు పెట్టి ఒక్క ప్రార్థనయు చేసియుండలేదు.

మన కాలువల వంతు కూడ ఇట్టిదే. బందరు కాలువ తల దగ్గరి రైతునకు తన చేను ఎండుట కనబడును. చివరనున్న దివిసీమవాని చేను కనబడదు. తన పైరుమీది ప్రేమచేత తూము ఎత్తుకొనును. వంతు అను నియమము కనబడని రైతు పక్షమున నిలిచి, తూము దించుమనును. అట్లే వైద్యుల సూత్రములు మనము చూడని ముగ్గురి పక్షమున నిలుచుచున్నవి: దాతగా నున్న బిడ్డ, మన తరువాత రాబోవు రోగి, మనకు ముందు చనిపోయినవాడు.

అట్లని సూత్రములు దేవుని మాటలు కావు. మనుష్యులు వ్రాసినవే, మనుష్యులు దిద్దునవే. నిన్న కాదనినది నేడు అవునగుట కలదు. యెరూషలేములో అపొస్తలులును పెద్దలును కూడిన సంగతి అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. వాదము బలముగానే జరిగెను. పేతురు తాను చూచినది చెప్పెను. బర్నబా, పౌలు తాము చూచినది చెప్పిరి. అందరును ఊరకుండి వినిరి. తుదకు కొద్ది మాటలతో ఒక ఉత్తరము వ్రాసిరి. అవసరమైనదానికంటె ఎక్కువ భారము ఎవరిమీదను మోపకూడదని జాగ్రత్తపడిరి. మంచి నియమము అట్లే పుట్టును: చూచినవారు నిజము చెప్పగా, తక్కినవారు వినగా, తక్కువ మాటలలో.

సూత్రములు చేయలేని పని యొకటి కలదు. అవి బస్సు చార్జీ ఇయ్యవు, ఆసుపత్రి దగ్గర నెలల తరబడి అద్దెగది ఇయ్యవు, రక్తము ఇయ్యవు. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలైన ప్రభుత్వ పథకము మన పేదలను అనేకులను ఆసుపత్రి గడప దాటించెను. అయినను ఇంటివద్ద మిగిలిన పిల్లలకు అన్నము పెట్టుట, వరుసగా రక్తదానము చేయుట సంఘపు పని. మేనరికములు ఎక్కువగా నున్న మన గ్రామములలో, పెండ్లి ప్రకటన చదువుటకు ముందే వధూవరులు తలసేమియా పరీక్ష చేయించుకొనునట్లు కాపరులు చెప్పవచ్చును. ఇద్దరును ఆ గుణమును మోయువారైనయెడల, ప్రతి కాన్పులోను నాలుగింట ఒక పాలు బిడ్డకు ఈ వ్యాధి రావచ్చును. ఒక చిన్న రక్తపరీక్ష అంత దుఃఖమును ముందుగా చెప్పగలదు.

ఆగస్టు నెలలో వచ్చిన ఆ తల్లిదండ్రులకు నేను చివరకేమి చెప్పితిని? అమ్ముడనియు చెప్పలేదు, అమ్మవద్దనియు చెప్పలేదు. మొదట నా పాత తప్పును వారితో ఒప్పుకొంటిని. తరువాత ఆ క్లినిక్కువారిని మూడు ప్రశ్నలు అడుగుమంటిని. ఈ వ్యాధికి ఈ చికిత్స జాతీయ సూత్రములలో ఉన్నదా? లేనియెడల, ఇది అనుమతి పొందిన పరిశోధనయా? పరిశోధనయైనచో రోగినుండి సొమ్ము పుచ్చుకొనరాదు గదా, మమ్మును ఏల అడుగుచున్నారు? మూడవది, మీయొద్ద బాగుపడనివారు ఎందరు? తండ్రి నా యెదుటనే ఫోను చేసెను. మొదటి రెంటికి వారు ఏవేవో చెప్పిరి. మూడవదానికి మాత్రము వెంటనే జవాబు వచ్చెను. "మా దగ్గర బాగుపడనివాళ్లు లేరండి."

తండ్రి ఫోను ప్రక్కన పెట్టి కొంతసేపు ఊరకుండెను. "బాగుపడనివాళ్లు లేని ఆసుపత్రి ఉంటుందా అయ్యగారూ?" అనెను.

వారు పొలము అమ్మలేదు. బాలుడు నడచుట లేదు. వారమునకొకసారి బస్సులో విజయవాడకు తీసికొనిపోయి కాళ్లకు చేతులకు వ్యాయామము చేయించుచున్నారు. చెంచా పట్టుకొనుట నేర్చుకొనుచున్నాడు. వాని చక్రముల కుర్చీ లోపలికి వచ్చునట్లు మా యౌవనస్థులు మందిరపు మెట్లప్రక్క సిమెంటుతో ఏటవాలుగా దారి వేసిరి. అద్భుతము జరుగవలెనని వాని తల్లి ప్రార్థించుచున్నది; నేనును ఆమెతో ప్రార్థించుచున్నాను. సూత్రములు మనుష్యుల చేతులను కట్టును గాని దేవుని చేతులను కట్టవు. అయితే దేవుడు చేయునదానిని ఇంజెక్షనులో పెట్టి అమ్మెదమనువారిని నమ్మనక్కరలేదు.

గత నవంబరులో నేను ఆ పాత గ్రామమునకు వెళ్లితిని. కండరముల వ్యాధి గల ఆ బాలుడు ప్రభువునందు నిద్రించి మూడేండ్లాయెను. అతని తండ్రి కౌలు చేయు చేనుగట్టున కూర్చుండి, నన్ను క్షమించుమని అడిగితిని. "మీరేం చేస్తారయ్యగారూ, మంచికే చెప్పారు" అనెను. ఆదివారమున సాక్ష్యమిత్తువా అని అడిగితిని. చాలసేపు ఆలోచించి ఒప్పుకొనెను.

ఆ ఆదివారమున ఆయన గోడ దగ్గరినుండియే లేచి నిలువబడెను. "మా బాబు బాగవలేదు. ఆ ఇంజెక్షన్లు పని చెయ్యలేదు. ఇంకెవరూ పొలాలు అమ్ముకోవద్దని చెప్తున్నాను. దేవుడు మమ్మల్ని వదల్లేదు. మీరే కొంచెం దూరం జరిగారు" అని కూర్చుండెను.

ఎవరును మాటలాడలేదు. అప్పుడు, వారము దినముల కూలి యిచ్చిన ఆ విధవరాలు ముందు చాపమీదనుండి లేచి, మెల్లగా నడచి వెళ్లి, గోడ దగ్గర ఆయన భార్య ప్రక్కన కూర్చుండెను.

ప్రియ చదువరులారా, మీ మందిరములో గోడ దగ్గర కూర్చున్నవారెవరో ఈ ఆదివారమున చూడుడి.